గొంతు బాగాలేదన్నారు, గొంతుకే బహుమతులిచ్చారు: బాబ్ డిలన్ వింతలు విశేషాలు

1961 నవంబరులో న్యూయార్క్‌లోని కొలంబియా స్టూడియోకు ఇరవయ్యేళ్ల కుర్రాడొకడు వచ్చాడు. చేతిలో గిటారు. మెడకు తగిలించుకున్న తీగ చట్రంలో మౌత్ ఆర్గాన్. పక్కవాద్యాలు లేవు, కోరస్ లేదు. రెండు రోజులు పాడి ఒక ఆల్బమ్ పూర్తి చేశాడు. దానికి అయిన ఖర్చు సుమారు 402 డాలర్లు. 1962 మార్చిలో విడుదలైతే మొదటి ఏడాది ఐదు వేల కాపీలు పోయాయి. ఈ కుర్రాణ్ని పట్టుకొచ్చిన నిర్మాత జాన్ హామండ్‌ను చూసి కంపెనీలో కొందరు 'హామండ్ చేసిన పొరపాటు' అని నవ్వుకున్నారు.

2020 డిసెంబరులో అదే మనిషి తాను రాసిన 600కు పైగా పాటల హక్కులను యూనివర్సల్ సంస్థకు అమ్మాడు. ధర చెప్పలేదు. పత్రికల అంచనా మాత్రం 30 కోట్ల డాలర్ల పైమాటే. ఆ తర్వాత తన గొంతుతో ఉన్న రికార్డింగులన్నిటినీ సోనీకి అమ్మాడు. దాని అంచనా మరో 15 నుంచి 20 కోట్ల డాలర్లు.

బాబ్ డిలన్ పేరిట ఉన్న రికార్డులు చెప్పుకుంటూ పోతే పుస్తకమవుతుంది. ఇవేవీ ఒకే రకం రికార్డులు కావు. సాహిత్యం, వేలంపాట, సినిమా, కోర్టు తీర్పు, వైద్య పత్రిక, ఇనప గేటు అన్నిట్లోనూ ఆయన పేరు తగులుతుంది. మాట తనదే, వరస తనదే, గొంతూ తనదే అయినవాణ్ని మనం వాగ్గేయకారుడు అంటాం. అమెరికా జానపదానికీ రాక్ సంగీతానికీ పెళ్లి చేసిన వాగ్గేయకారుడు డిలన్.

ఊరే ఒక వింత

ఆయన అసలు పేరు రాబర్ట్ ఆలెన్ జిమ్మర్‌మన్. 1941 మే 24న మిన్నెసోటా రాష్ట్రంలోని డులూత్‌లో పుట్టాడు. పెరిగింది హిబ్బింగ్‌లో. తండ్రికి అక్కడ ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం ఉండేది.

హిబ్బింగ్ ఇనప ఖనిజం ఊరు. ఊరి అంచున ఉన్న హల్ రస్ట్ గని ప్రపంచంలోని అతి పెద్ద ఓపెన్‌కాస్ట్ ఇనప గనుల్లో ఒకటి. దాదాపు ఐదు కిలోమీటర్ల పొడవు, మూడు కిలోమీటర్ల వెడల్పు, 500 అడుగులు దాటిన లోతు. ఊరి కిందే ఖనిజం ఉందని తేలేసరికి 1919లో ఊరినే కదిలించడం మొదలుపెట్టారు. ఇళ్లను పునాదుల మీంచి లేపి, దుంగల మీద దొర్లించి, కొత్త చోటికి చేర్చారు. అమెరికా అంతా తిరిగే గ్రేహౌండ్ బస్సు సంస్థ కూడా ఈ ఊళ్లోనే 1914లో గని కార్మికులను చేరవేయడానికి పుట్టింది. ఊరు తరలించినందుకు పరిహారంగా గని కంపెనీ డబ్బుతో కట్టిన హైస్కూలుకు ఆ రోజుల్లోనే దాదాపు 40 లక్షల డాలర్లు అయ్యాయి. 1,800 మంది పట్టే ఆడిటోరియం, పైన గాజు షాండ్లియర్లు. ఆ వేదిక మీదే కుర్రాడు డిలన్ పియానో బాదుతూ రాక్ అండ్ రోల్ పాడితే ప్రిన్సిపాల్ మైకు ఆపించేశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

కదిలే ఊరు, బస్సు పుట్టిన ఊరు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1961 జనవరి చలిలో డిలన్ న్యూయార్క్ చేరాడు. ముఖ్యమైన పని ఒకటే: వుడీ గత్రీని చూడటం. కరువు కాలపు కూలీల బతుకుల్ని పాటలుగా కట్టిన గత్రీ అప్పటికి హంటింగ్టన్ వ్యాధితో న్యూజెర్సీ ఆసుపత్రిలో మంచం పట్టి ఉన్నాడు. కుర్రాడు పక్కన కూర్చుని గత్రీ పాటలు గత్రీకే పాడి వినిపించేవాడు. 402 డాలర్ల ఆల్బమ్‌లో డిలన్ సొంతంగా రాసినవి రెండే పాటలు. అందులో ఒకటి గత్రీకి అంకితం.

ఆ గొంతు సంగతి

డిలన్ గొంతు మీద వచ్చినన్ని విసుర్లు మరో గాయకుడి మీద వచ్చి ఉండవు. ముక్కుతో పాడతాడనీ, గొంతులో ఇసుక పోసుకున్నాడనీ అన్నవాళ్లు ఎందరో. అందుకే ఆయన పాటల్ని మొదట జనంలోకి తీసుకెళ్లింది వేరే గొంతులు. 'బ్లోయింగ్ ఇన్ ద విండ్' 1963లో పీటర్, పాల్ అండ్ మేరీ బృందం పాడితే అమెరికా చార్టులో 2వ స్థానానికి వెళ్లింది. 'మిస్టర్ టాంబరిన్ మ్యాన్' 1965లో ద బర్డ్స్ పాడితే నంబర్ వన్ అయింది. ఇతరులు ఆయన పాటల్ని 6,000 సార్లకు పైగా రికార్డు చేశారని యూనివర్సల్ లెక్క.

ఇప్పుడు విచిత్రం చూడండి. డిలన్‌కు 10 గ్రామీలున్నాయి. అందులో తొలిసారి ఒంటరిగా గెలిచింది 1980లో. ఏ విభాగం అనుకున్నారు? ఉత్తమ రాక్ గాయకుడు! 1998లో మళ్లీ అదే విభాగంలో వచ్చింది. 2007లో మూడోసారి. పాట రాసినందుకు కాదు, పాడినందుకు. నావరకు నాకు ఇందులో ఆశ్చర్యం లేదు. ఆయన పాటను తీయగా పాడడు, చెబుతాడు. ఏ మాట దగ్గర ఆగాలో, ఏ మాటను సాగదీయాలో తెలిసిన గొంతు అది. బుర్రకథ కథకుడి గొంతును వీణ కచేరీ కొలతతో కొలిస్తే ఎలా?

నాలుగో టేకు

డిలన్ పాటల్లో అన్నిటికంటే ఎక్కువ రికార్డులు మోస్తున్నది 'లైక్ ఎ రోలింగ్ స్టోన్'. ఇది పుట్టిన తీరు కాస్త తీరిగ్గా చెప్పుకోదగ్గది.

1965 జూన్ 15న, న్యూయార్క్‌లో కొలంబియా వాళ్ల స్టూడియో ఏ. ఆ రోజు ఐదుసార్లు ప్రయత్నించారు, కుదరలేదు. మర్నాడు మళ్లీ కూర్చున్నారు. నిర్మాత టామ్ విల్సన్ ఆహ్వానం మీద ఆల్ కూపర్ అనే 21 ఏళ్ల యువకుడు ఊరికే చూడటానికి వచ్చాడు. గిటారు వాయించే అవకాశం దొరుకుతుందేమోనని ఆశ. అంతలో మైక్ బ్లూమ్‌ఫీల్డ్ వచ్చి గిటారు శ్రుతి చేసుకుంటుంటే విని, ఇక మనకిక్కడ పనిలేదని గిటారు పెట్టెలో పెట్టేశాడు కూపర్. కాసేపటికి ఆర్గాన్ వాయించే పాల్ గ్రిఫిన్‌ను పియానోకు మార్చారు. ఆర్గాన్ ఖాళీగా ఉంది. కూపర్ నెమ్మదిగా వెళ్లి దాని ముందు కూర్చున్నాడు. అది ఆయన వాయిద్యమే కాదు!

తెలియని వాయిద్యం, తెలియని పాట. మిగతావాళ్లు ఏ స్వరానికి మారుతున్నారో విని, ఓ రెప్పపాటు ఆగి, అప్పుడు మెట్టు నొక్కుతూ పోయాడు. ఇప్పుడు ఆ పాట పెట్టుకుని ఆర్గాన్ ఒక్కదాన్నే వినండి. ప్రతి మలుపులోనూ వాద్యబృందం కంటే ఓ వెంట్రుకవాసి వెనక వస్తుంది. రికార్డింగు మళ్లీ వినేటప్పుడు ఆర్గాన్ శబ్దం పెంచమన్నాడు డిలన్. అతను ఆర్గాన్ వాద్యకారుడు కాడని విల్సన్ చెప్పినా ఒప్పుకోలేదు. ఆ జంకే పాటకు ప్రాణమైంది.

ఓకే అయింది నాలుగో టేకు. అది చాలదనుకుని ఆ రోజే మరో 11 సార్లు వాయించారు. ఒక్కటీ దాని దరిదాపుల్లోకి రాలేదు. మొత్తం 20 ప్రయత్నాలూ 2015లో విడుదలైన పెట్టెలో ఒక సీడీ నిండా ఉన్నాయి. ఒకే పాట కోసం ఒక పూర్తి సీడీ! అదే వరుసలో వచ్చిన 18 సీడీల పెద్ద పెట్టెలో 1965, 66 సంవత్సరాల్లో స్టూడియోలో ఆయన చేసిన ప్రతి శబ్దమూ ఉంది. 5,000 పెట్టెలే వేశారు.

పాట నిడివి 6 నిమిషాల 13 సెకన్లు. మూడు నిమిషాలు దాటితే రేడియోలు వేయని కాలమది. రేడియోలకు పంపిన డిస్కులో పాటను రెండు ముక్కలు చేసి చెరో వైపు పెట్టారు. శ్రోతలు ఫోన్లు చేసి పూర్తి పాట వేయమని పట్టుబట్టారు. పాట అమెరికా చార్టులో 2వ స్థానానికి ఎక్కింది. పైన అడ్డుగా ఉన్నది బీటిల్స్ వారి 'హెల్ప్'. రోలింగ్ స్టోన్ పత్రిక 2004లో 500 గొప్ప పాటల జాబితా వేసి దీన్ని మొదటి స్థానంలో పెట్టింది, 2010లోనూ అక్కడే ఉంచింది. 2021లో 4కు దించింది.

ఈ పాట చేతిరాత ప్రతి నాలుగు కాగితాలు. వాషింగ్టన్‌లోని రోజర్ స్మిత్ హోటల్ వాళ్లు గదుల్లో పెట్టే లెటర్‌ప్యాడ్ అది. పెన్సిల్ రాత, కొట్టివేతలు, అంచుల్లో టోపీ బొమ్మ, పిట్ట బొమ్మ, కొమ్ముల జంతువు బొమ్మ. 2014 జూన్‌లో సోద్‌బీస్ వేలంలో ఆ నాలుగు కాగితాలు 20 లక్షల డాలర్లు దాటాయి. పాప్ పాట చేతిరాతకు అంత ధర అప్పటివరకు ఎవరూ పెట్టలేదు.

విమానంలో మరిచిన గిటారు

ఆ పాట విడుదలై ఐదు రోజులు. 1965 జూలై 25న న్యూపోర్ట్ జానపదోత్సవం. అంతకుముందు రెండేళ్లూ ఒంటి గిటారుతో వస్తే నెత్తిన పెట్టుకున్న జనం ముందుకు డిలన్ ఎలక్ట్రిక్ గిటారుతో, బ్యాండుతో వచ్చాడు. మూడు పాటలు. జనంలోంచి అరుపులు, కేకలు. ఎలక్ట్రిక్ శబ్దానికి కోపమొచ్చిందని కొందరు, మైకులు సరిగా వినిపించలేదని కొందరు, మూడు పాటలకే దిగిపోయాడని అరిచారని మరికొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. తర్వాత మామూలు గిటారుతో వచ్చి రెండు పాటలు పాడి వెళ్లాడు. జానపద రాక్ అనే మాటకు చరిత్ర రాసేవాళ్లు ఎవరైనా ఆ సాయంత్రం దగ్గర ఆగక తప్పదు.

ఆ గిటారు, 1964 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్, ఓ ప్రైవేటు విమానంలో ఉండిపోయింది. పైలట్ కబురు పెట్టినా ఎవరూ పట్టించుకోలేదని ఆ కుటుంబం చెప్పింది. దాదాపు యాభై ఏళ్లు ఇంట్లోనే పడి ఉన్న గిటారు 2013 డిసెంబరులో క్రిస్టీస్ వేలంలో 9,65,000 డాలర్లు పలికింది. అప్పటికి వేలంలో గిటారుకు అదే అత్యధిక ధర.

మరో వేలం ఇంకా వింత. 2021లో డిలన్ కొత్తగా పాడిన 'బ్లోయింగ్ ఇన్ ద విండ్'ను ఒకే ఒక్క డిస్కు మీద ముద్రించారు. రెండో కాపీ లేదు. 2022 జూలైలో లండన్‌లో అది 14 లక్షల 82 వేల పౌండ్లకు పోయింది. పాటలు ఉచితంగా దొరికే రోజుల్లో ఒక్క డిస్కుకు అంత!

నంబర్ వన్ కోసం 58 ఏళ్లు

ఇంత పేరున్న మనిషి సొంత గొంతుతో పాడిన ఏ పాటా అమెరికా ప్రధాన చార్టు అయిన హాట్ 100లో నంబర్ వన్ కాలేదు. 2వ స్థానం దాకా రెండుసార్లు వెళ్లాడు. బిల్‌బోర్డ్ వాళ్ల చార్టుల్లో దేంట్లోనైనా ఆయన పాడిన పాట తొలిసారి మొదటి స్థానం అందుకున్నది 2020 ఏప్రిల్‌లో, రాక్ డిజిటల్ అమ్మకాల జాబితాలో. అప్పటికి తొలి ఆల్బమ్ వచ్చి 58 ఏళ్లు, ఆయనకు 78 ఏళ్లు.

పాట పేరు 'మర్డర్ మోస్ట్ ఫౌల్'. నిడివి 16 నిమిషాల 56 సెకన్లు. డిలన్ విడుదల చేసిన పాటలన్నిటిలో ఇదే పొడవైనది. అంతకుముందు ఆ స్థానం 1997 నాటి 'హైలాండ్స్'ది, 16 నిమిషాల 31 సెకన్లు. కొత్త పాట 1963లో జరిగిన కెనెడీ హత్య గురించి. కరోనాతో ప్రపంచం ఇళ్లల్లో తలుపులేసుకున్న మార్చి నెలాఖరులో, ముందస్తు ప్రకటన లేకుండా, ఒక రాత్రి విడుదల చేశాడు.

ఆల్బమ్‌ల సంగతి వేరు. 1976లో 'డిజైర్' అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. మళ్లీ ఆ స్థానం చూడటానికి 30 ఏళ్లు పట్టింది. 2006లో 'మోడర్న్ టైమ్స్' నేరుగా మొదటి స్థానంలోకి వచ్చినప్పుడు ఆయన వయసు 65. 2020లో 'రఫ్ అండ్ రౌడీ వేస్' బ్రిటన్‌లో మొదటి స్థానం అందుకుంటే, 79 ఏళ్ల వయసులో కొత్త పాటలతో అక్కడికి చేరిన అతి పెద్ద వయస్కుడయ్యాడు. ఏడాది తిరక్కుండానే 80 ఏళ్ల టామ్ జోన్స్ ఆ రికార్డు పట్టుకుపోయాడు. ఒక రికార్డు మాత్రం గట్టిది: 1960ల నుంచి ప్రతి దశాబ్దంలోనూ అమెరికా ఆల్బమ్ చార్టులో తొలి 40లో చోటు దక్కించుకున్న తొలి కళాకారుడు డిలన్ అని 2020లో బిల్‌బోర్డ్ ప్రకటించింది.

నోబెల్ ఒక చేత్తో, ఆస్కార్ మరో చేత్తో

సాహిత్యంలో నోబెల్, సినిమాలో ఆస్కార్ రెండూ అందుకున్న మొదటివాడు నాటకకర్త జార్జ్ బెర్నార్డ్ షా. రెండోవాడు డిలన్. 2001లో 'వండర్ బాయ్స్' సినిమాకు రాసిన 'థింగ్స్ హావ్ ఛేంజ్డ్' ఉత్తమ ఒరిజినల్ పాటగా గోల్డెన్ గ్లోబ్, ఆస్కార్ రెండూ గెలిచింది. 22 ఏళ్ల తర్వాత ఇదే విభాగంలో, ఇవే రెండు బహుమతుల్నీ మన 'నాటు నాటు' తెచ్చింది. అక్కడ చంద్రబోస్ మాట, కీరవాణి బాణీ. ఇక్కడ రెండూ ఒక్కడివే. ఆస్కార్ రాత్రి డిలన్ ఆస్ట్రేలియా పర్యటనలో ఉండి, సిడ్నీ నుంచి ఉపగ్రహం ద్వారా పాడాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు కచేరీల్లో ఆయన ఆంప్లిఫయర్ మీద ఓ ఆస్కార్ బొమ్మ నిలబడి కనిపించేది.

2016 అక్టోబరు 13న నోబెల్ ప్రకటించారు. స్వీడిష్ అకాడమీ ఫోన్లు చేస్తే రెండు వారాలు జవాబు లేదు. తర్వాత స్వీకరిస్తానన్నాడు కానీ డిసెంబరు వేడుకకు వెళ్లలేదు. ఆయన తరఫున గాయని ప్యాటీ స్మిత్ 'ఎ హార్డ్ రెయిన్స్ ఎ గాన్నా ఫాల్' పాడుతూ మధ్యలో మాట తడబడి, సభకు క్షమాపణ చెప్పి, మళ్లీ అందుకుంది. ఆ తడబాటు చూసినవాళ్లకు కళ్లు చెమర్చాయి. డిలన్ 2017 ఏప్రిల్‌లో కచేరీ కోసం స్టాక్‌హోమ్ వెళ్లినప్పుడు కెమెరాలు లేని గదిలో పతకం తీసుకున్నాడు. బహుమతి డబ్బుకు నోబెల్ ఉపన్యాసం తప్పనిసరి, ఆర్నెల్ల గడువు. గడువుకు కొద్ది రోజుల ముందు ఉపన్యాసం పంపించాడు.

పాటలు రాసేవాడికి నోబెల్ ఇవ్వడం ఇదే మొదలని ఆ రోజుల్లో చాలా చోట్ల రాశారు. రెండు వేలకు పైగా పాటలు కట్టి, స్వయంగా బాణీలు చేసిన రవీంద్రుడికి 1913లోనే అది వచ్చిందని మనం గుర్తుచేయాలి. రాక్ సంగీతం నుంచి వెళ్లిన మొదటివాడు డిలన్ అంటే సరిపోతుంది. 2008లో పులిట్జర్ ప్రత్యేక గుర్తింపు కూడా రాక్ సంగీతకారుల్లో ఆయనకే తొలిసారి దక్కింది.

ఇవీ కొన్ని

స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా వైద్య సంస్థలో కొందరు శాస్త్రవేత్తలకు ఒక పందెం ఉండేది. 1997లో ఇద్దరు తమ పరిశోధన వ్యాసం శీర్షికలో డిలన్ పాట పేరు ఇరికించడంతో మొదలైంది. రిటైరయ్యేలోగా ఎవరి శీర్షికల్లో డిలన్ ఎక్కువసార్లు వస్తే వాళ్లకు మిగతావాళ్లు భోజనం పెట్టించాలి. వైద్య పరిశోధనల శీర్షికల్లో డిలన్ ప్రస్తావనలు రెండు వందలు దాటాయని 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లెక్క తేల్చింది. అమెరికా కోర్టు తీర్పుల్లో ఎక్కువగా ఉటంకించే పాటల రచయిత కూడా ఆయనే. 2008లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి తన అసమ్మతి తీర్పులో ఆయన పాటను వాడారు.

2007లో వచ్చిన 'ఐయామ్ నాట్ దేర్' సినిమాలో డిలన్ పాత్రను ఆరుగురు వేశారు. అందులో ఒకరు నటి కేట్ బ్లాంచెట్, మరొకరు పదమూడేళ్ల నల్లజాతి బాలుడు.

1967 నాటి 'జాన్ వెస్లీ హార్డింగ్' అట్ట మీద డిలన్‌కు చెరోపక్క నిలబడింది మనవాళ్లు: బెంగాల్ బావుల్ గాయకులు పూర్ణదాస్, లక్ష్మణ్ దాస్. వెనక వుడ్‌స్టాక్ ఊరి మేస్త్రీ. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో రవిశంకర్, జార్జ్ హారిసన్ నడిపిన బంగ్లాదేశ్ సహాయ కచేరీలో డిలన్ పాడాడు. ఆయనకు దక్కిన మొట్టమొదటి గ్రామీ ఆ ఆల్బమ్‌దే, రవిశంకర్‌తో కలిసి. ఇక షిల్లాంగ్‌లో లూ మజా అనే గాయకుడు 1972 నుంచి ఏటా మే 24న డిలన్ పుట్టినరోజు కచేరీ చేస్తూ వస్తున్నాడు.

ఇనప ఊరి పిల్లాడు ఇనుమును మరిచిపోలేదు. పాత పళ్లచక్రాలు, గొలుసులు, పానాలు వెల్డింగ్ చేసి గేట్లు తయారుచేస్తాడు. 2013లో లండన్‌లో వాటితో ప్రదర్శన పెట్టారు.

నాలుగు రోజులకొక కచేరీ

నన్నడిగితే వీటన్నిటిలో పెద్ద రికార్డు నోబెల్ కాదు. 1966 జూలైలో మోటార్‌సైకిల్ ప్రమాదం తర్వాత ఎనిమిదేళ్లు పర్యటనలు మానేసిన మనిషి, 1988 జూన్ 7న కాలిఫోర్నియాలోని కాంకర్డ్‌లో ఒక పర్యటన మొదలుపెట్టాడు. అది ఆగలేదు. జనం దానికి 'నెవర్ ఎండింగ్ టూర్' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆయనకు గిట్టదు. అది 1991లోనే అయిపోయిందని 1993లో ఒక ఆల్బమ్ అట్ట మీద రాసుకున్నాడు కూడా. కానీ 2019 ఏప్రిల్ 19న ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఆ యాత్రలో 3,000వ కచేరీ జరిగింది. లెక్క కట్టి చూడండి, ముప్పై ఏళ్ల పాటు సగటున నాలుగు రోజులకొకటి. కరోనా 2020లో ఆపితే 2021 నవంబరులో, 80 ఏళ్ల వయసులో, మళ్లీ బయల్దేరాడు.

పైగా పాడిందే పాడడు. వరస మారుస్తాడు, తాళం మారుస్తాడు, మాటలూ మారుస్తాడు. సగం పాట అయ్యేదాకా అది ఏ పాటో పోల్చుకోలేకపోయామని అభిమానులు గొణుక్కుంటూ బయటికొస్తారు, మళ్లీ టికెట్ కొంటారు. కదిలిన ఊళ్లో, బస్సు పుట్టిన ఊళ్లో పెరిగిన వాడు ఒకచోట ఎలా ఉంటాడు?

ఆయన కాగితాలు మాత్రం ఒకచోట కుదురుకున్నాయి. లక్షకు పైగా వస్తువులు: చేతిరాతలు, టేపులు, ఉత్తరాలు, జేబులో పట్టే నోటు పుస్తకాల్లో చీమల బారులాంటి అక్షరాలు. సొంత రాష్ట్రం మిన్నెసోటాలో కాదు, పేరు తెచ్చిపెట్టిన న్యూయార్క్‌లోనూ కాదు. ఓక్లహోమా రాష్ట్రం టల్సా నగరంలో 2022 మే 10న తలుపులు తెరిచిన బాబ్ డిలన్ కేంద్రంలో ఉన్నాయి. దాని పక్క భవనం 2013 నుంచీ అక్కడే ఉంది. అది వుడీ గత్రీ కేంద్రం.